డిసెంబర్‌లో బీచ్ ట్రిప్: మూడు నెలలు వాన లెక్కలు వేసి చివరికి థాయిలాండ్‌లో క్రాబీ వెళ్ళొచ్చాం

మాది నెల్లూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. మిగతా ఆంధ్రాలో, తెలంగాణలో వానలు సర్దుకున్నాక మాకు మొదలవుతాయి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలదే రాజ్యం. అందుకే మా ఆవిడ సెప్టెంబర్‌లో "ఇయర్ ఎండ్‌కి ఎక్కడికైనా మంచి బీచ్‌కి పోదాం" అన్నప్పుడు నాకు కళ్ళ ముందు కనపడింది మైపాడు బీచ్‌లో బురద రంగు అలలు. తనది కరీంనగర్, డిసెంబర్ అంటే తనకి పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, అంతే. ఆ డిస్కషన్ అలా మొదలైంది, టికెట్లు చేతికొచ్చేసరికి డిసెంబర్ వచ్చింది. ఈ మధ్యలో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడెక్కడ టెన్షన్ పడ్డామో వరసగా రాస్తున్నా, ఇలాగే ఇయర్ ఎండ్ ప్లాన్ చేసేవాళ్ళకి పనికొస్తుంది.

మాకున్న ఇబ్బంది చాలామందికి ఉండేదే. ఆఫీసులో నా లీవులు డిసెంబర్ 31 దాటితే పోతాయి. పాపకి హాఫ్ ఇయర్లీ పరీక్షలు 18తో అయిపోతాయి. సంక్రాంతికి నెల్లూరు పోకపోతే అమ్మ ఊరుకోదు, ఆపైన ఈసారి ట్రిప్‌కి అమ్మని కూడా తీసుకెళ్దాం అనుకున్నాం. అంటే మిగిలింది 2025 డిసెంబర్ 19 నుంచి 26, ఏడాది మొత్తంలో టికెట్లు బాగా మండిపోయే వారం. తేదీలు కదలవు కాబట్టి ఊరే కదలాలి, ఆ తేదీల్లో ఎక్కడ పొడిగా ఉంటుందో వెతుక్కోవాలి.

బాలీ మొదటి రోజే పోయింది, అక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా వానాకాలం. మాల్దీవ్స్ వాతావరణం పరవాలేదు గానీ నలుగురికి రేటు చూసి ట్యాబ్ మూసేశా. సింగపూర్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకుని అడిగితే "మలేసియా తూర్పు వైపు దీవులు అసలు అనుకోవద్దురా, పెర్హెంతియన్, రెడాంగ్ లాంటి చోట్ల రిసార్టులు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూసేసుకుంటారు, లంకావీ అయితే సరే, అది పడమర" అన్నాడు. ఈ తూర్పు పడమర గొడవ ఏంటో అప్పుడు మొదటిసారి చెవిన పడింది.

తర్వాత కూకట్‌పల్లిలో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి వెళ్ళాం. ఆయన థాయిలాండ్ అనగానే కో సమూయి దీవి ప్యాకేజీ తీశాడు, ఫైవ్ స్టార్, ప్రైవేట్ పూల్, రేటేమో ఫుకెట్ కంటే బాగా తక్కువ. మా ఆవిడ కళ్ళు మెరిశాయి, తన ఫ్రెండ్ ఏప్రిల్‌లో అక్కడికే వెళ్ళి పెట్టిన ఫోటోలు ఏడాదిగా చూస్తోంది మరి. క్రిస్మస్ వారంలో ఇంత తక్కువేంటండి అని అడిగితే "ఆఫర్ సార్, ఈ వారమే" అన్నాడు. ఇంటికొచ్చి సమూయి నెలవారీ వాన పట్టిక తీశా. నవంబర్ అక్కడ ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడే నెల, డిసెంబర్ కూడా దాని తోకే. ఆఫర్ ఎందుకిచ్చారో అర్థమైంది. ప్యాకేజీ తీసుకుంటే అప్పట్లో (2025లో) జీఎస్టీ కాకుండా 5 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే వసూలు చేసే ముందస్తు ఆదాయపు పన్ను) కూడా ముందే కట్టాల్సి వచ్చేది, రిటర్న్స్ వేసినప్పుడు సర్దుకోవచ్చు గానీ చేతిలో డబ్బు అయితే ఆగిపోతుంది. సొంతంగా బుక్ చేసుకుందాం అని ఆ రోజే డిసైడ్ అయ్యాం.

దీని వెనక ఉన్నది మా నెల్లూరు వాన కథే. చలికాలంలో చైనా, సైబీరియా వైపు నుంచి చల్లగాలి కిందకి దిగుతుంది. సముద్రం మీదుగా వచ్చేటప్పుడు తేమ తాగి, ఎదురొచ్చిన తూర్పు తీరం మీద కుమ్మరిస్తుంది. బంగాళాఖాతం మీదుగా వస్తే నెల్లూరు, చెన్నై, శ్రీలంకలో ట్రింకోమలీ తడుస్తాయి. గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్ మీదుగా వస్తే సమూయి, కో ఫంగాన్, కో తావ్. థాయిలాండ్ దక్షిణాన తోకలా ఉండే సన్న భాగానికి మధ్యలో కొండలున్నాయి, అవి దాటి పడమటి పక్కకి వచ్చేసరికి గాలిలో తేమ అయిపోతుంది, అందుకని అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్, క్రాబీ, కో లాంటా నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొడిగా ఉంటాయి. వాళ్ళ వానాకాలం మే నుంచి అక్టోబర్, అంటే మన నైరుతి. గంట విమానం దూరం కూడా లేదు రెండు వైపులకీ మధ్య, కానీ కాలాలు పూర్తిగా ఉల్టా. "డిసెంబర్‌లో థాయిలాండ్ బాగుంటుందా" అని గూగుల్‌ని అడిగితే "బెస్ట్ సీజన్" అంటుంది, అది బ్యాంకాక్‌కీ పడమటి తీరానికీ నిజం, సమూయికి కాదు. నన్నడిగితే దేశం పేరు పెట్టి వాతావరణం వెతకడమే దండగ, తీరం పేరు పెట్టి వెతకాలి.

ఇదే లెక్క శ్రీలంకకి వేస్తే డిసెంబర్‌లో నైరుతి తీరం బాగుండాలి, గాల్, మిరిస్సా ఊళ్ళ వైపు. మిరిస్సాలో తిమింగలాలు చూసే సీజన్ కూడా నవంబర్ నుంచే మొదలు. కొలంబోకి హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్, తక్కువ టైమ్, అమ్మకి అన్నం, కొబ్బరి, పప్పు దొరుకుతాయి, క్యాండీ నుంచి ఎల్లా వెళ్ళే కొండ రైలు పాపకి. అక్టోబర్ 12న కొలంబో టికెట్లు తీశాం, మనిషికి 24 వేలు చిల్లర. హోటళ్ళు మాత్రం క్యాన్సిల్ చేసుకునే రకమే పెట్టా, రేటు పదిహేను శాతం దాకా ఎక్కువైనా. ఇంకో పని కూడా చేశా, క్రాబీలో అవ్‌నాంగ్ బీచ్ దగ్గర హోటల్ కూడా అదే తేదీలకి ఉచిత క్యాన్సిలేషన్‌తో పట్టిపెట్టా. మా ఆవిడ "రెండు దేశాల్లో రూములేంటి, పిచ్చా" అంది. ఇక్కడ ఒకటి గమనించండి, మామూలు రోజుల్లో ఒకట్రెండు రోజుల ముందు దాకా క్యాన్సిల్ చేసుకోనిచ్చే హోటళ్ళే క్రిస్మస్ వారానికి రెండు వారాల ముందే గడువు పెడతాయి. మాకు రెండు చోట్లా డిసెంబర్ 5. ఆ తేదీ క్యాలెండర్‌లో ఎర్రగా పెట్టుకున్నా.

ఇక అక్కడి నుంచి వరసగా తుఫాన్లు. అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది, నెల్లూరులో అమ్మ వాళ్ళ వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. అదే వారం వియత్నాంలో హుయే, హోయ్ ఆన్ మునిగాయి, హుయే దగ్గర కొండల్లో ఒక్క రోజులో 1,700 మిల్లీమీటర్లు దాటి పడింది అని చదివి నమ్మబుద్ధి కాలేదు, నెల్లూరుకి ఏడాది మొత్తం పడేదాని కన్నా చాలా ఎక్కువ అది. మా ఆఫీసులో ఒకతను డిసెంబర్‌కి అదే వియత్నాంలో దా నాంగ్ బుక్ చేసుకుని ఉన్నాడు, అతని మొహం చూడలేకపోయాం. ఈసారి లా నినా (పసిఫిక్ సముద్రం మామూలు కన్నా చల్లబడే) ఏడాది, అలాంటప్పుడు ఆగ్నేయాసియా వైపు వానలు మామూలు కన్నా ఎక్కువ పడే అవకాశం ఉంటుంది, సగటు పట్టికలు ఆ సంగతి చెప్పవు.

నవంబర్ మూడో వారంలో దక్షిణ థాయిలాండ్‌లో హాత్ యాయ్ మునిగింది. 21న ఒక్క రోజే 335 మిల్లీమీటర్లు. రెండో అంతస్తు దాకా నీళ్ళు, పడవల్లో జనం, ఆ వీడియోలన్నీ మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చి పడ్డాయి, "మీరు పోయేది ఇక్కడికేనా" అని బాబాయి. మేం పోయేది అప్పటికి శ్రీలంక. వారం తిరక్కుండానే దిత్వా తుఫాను వచ్చింది. నవంబర్ 28న శ్రీలంక తూర్పు తీరం దాటి లోపలికి పోయింది, క్యాండీ, బదుల్లా, నువర ఎలియా కొండలు విరిగి పడ్డాయి, ఆరు వందల మంది పైన చనిపోయారు. మేం ఎక్కాల్సిన కొండ రైలు పట్టాలు చాలా చోట్ల కొట్టుకుపోయాయి. అదే తుఫాను తర్వాత మెల్లగా ఉత్తరానికి జరిగి నెల్లూరు మీద కూడా కూర్చుంది, డిసెంబర్ మొదటి రోజుల్లో అమ్మ ఫోన్ చేసి "ఏందిరా, ఈడే వాకిట్లో నీళ్ళు, మళ్ళీ సముద్రం కాడికి డబ్బులు పెట్టి యాడికి పొయ్యేది" అంది. ఏం చెప్పను.

ఆ నాలుగైదు రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు అంటే అతిశయోక్తి కాదు. డబ్బు గురించే కాదు. బీచ్ వైపు పెద్దగా దెబ్బ తినలేదు, శ్రీలంక టూరిజం వాళ్ళు రండి, తెరిచే ఉన్నాం అంటున్నారు. క్యాండీ దగ్గర మేం బుక్ చేసిన హోమ్‌స్టే ఆయనకి మెసేజ్ పెట్టా, మీరు క్షేమమా అని. రెండు రోజులు జవాబు లేదు. తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, ఇంటికి ఏం కాలేదు, కానీ రోడ్డు లేదు, కరెంటు లేదు, మీరు జనవరిలో వస్తే మాకు సాయం చేసినట్టే, ఇప్పుడు వస్తే నేను మిమ్మల్ని సరిగ్గా చూసుకోలేను అని. మా ఆవిడ అది విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "శవాలు తీస్తున్న కొండల పక్క నుంచి మనం ఫోటోలు దిగుతూ పోవడం నా వల్ల కాదు" అంది. నాకేమో అందరూ ఇలాగే ఆగిపోతే వాళ్ళ తిండి సంగతేంటి అని ఇంకోవైపు. ఈ ప్రశ్నకి సరైన జవాబు ఇది అని నేనిప్పటికీ చెప్పలేను. అరవై ఎనిమిదేళ్ళ అమ్మతో, రోడ్డు ఉందో లేదో తెలియని చోటికి వద్దు అనేదే చివరికి నిలబడింది. హోమ్‌స్టేకి కట్టిన చిన్న అడ్వాన్స్ వెనక్కి అడగలేదు.

డిసెంబర్ 2న కొలంబో టికెట్లు క్యాన్సిల్ కొట్టా. ఎయిర్‌లైన్ తుఫాను కోసం ఉచిత మార్పు ఇచ్చింది గానీ కొన్ని తేదీల వరకే, మా 19 అందులో లేదు. కస్టమర్ కేర్‌లో ముప్పావు గంట వెయిటింగ్ మ్యూజిక్ విన్నాక ఆ అమ్మాయి "సారీ సర్, పాలసీ" అంది. మనిషికి ఆరున్నర వేలు పోయాయి, నలుగురికి 26 వేలు. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటున్నారేమో, మా పాలసీలో మన ఆరోగ్యం బాగోక మానుకుంటే ఒక లెక్క, ఫ్లైటే రద్దయితే ఒక లెక్క, ఫ్లైట్ ఎగురుతుండగా మనం భయపడి మానుకుంటే మాత్రం పైసా రాదు. ఇంకోటి, తుఫానుకి పేరు పెట్టి వార్తల్లోకి వచ్చేశాక అప్పుడు వెళ్ళి పాలసీ కొంటే అది ముందే తెలిసిన ప్రమాదం కింద పోతుంది. తీసుకుంటే టికెట్ తీసిన రోజే తీసుకోవాలి.

అదే రాత్రి క్రాబీకి టికెట్లు. అమ్మని ఒప్పించడానికి గూగుల్ మ్యాప్ పెట్టి చూపించాల్సి వచ్చింది, హాత్ యాయ్ ఇక్కడ, తూర్పు వైపు, మనం పోయేది ఇక్కడ, పడమర, మధ్యలో దాదాపు 300 కిలోమీటర్ల రోడ్డు, నెల్లూరు నుంచి విజయవాడ ఉన్నంత. "అయితే విజయవాడలో మునిగితే మనకి తడవదా" అంది. తడవదమ్మా, కొండలున్నాయి అంటే సరే అంది, నమ్మిందో లేదో తెలియదు. ఫుకెట్ డైరెక్ట్ ఫ్లైట్‌లో పోయేటప్పుడు మా నలుగురికీ కలిపి సీట్లు లేవు, అందుకని పోయేటప్పుడు బ్యాంకాక్ మీదుగా క్రాబీకి, వచ్చేటప్పుడు ఫుకెట్ నుంచి డైరెక్ట్‌గా తీశాం. మనిషికి 37 వేలు పడింది, అక్టోబర్‌లో ఇవే 27, 28 చూపించేవి. బ్యాంకాక్ మీదుగా తీసేవాళ్ళు ఒకటి చూసుకోండి, అక్కడ రెండు ఎయిర్‌పోర్టులు, సువర్ణభూమి, డాన్ మియాంగ్. చౌకగా కనపడే చాలా కనెక్షన్లు ఒక దాంట్లో దించి ఇంకో దాంట్లో ఎక్కమంటాయి, మధ్యలో ఊరంతా ట్రాఫిక్. రెండు వేలు ఎక్కువైనా ఒకే ఎయిర్‌పోర్ట్ ఉన్నది తీసుకున్నా.

టికెట్లు తీసి హమ్మయ్య అనుకునేలోపు ఇండియాలో ఫ్లైట్ల గందరగోళం, పైలట్ల డ్యూటీ రూల్స్ మారి డిసెంబర్ మొదటి వారంలో దేశమంతా వేల ఫ్లైట్లు రద్దయ్యాయి. శంషాబాద్‌లో సూట్‌కేసుల మీద పడుకున్న జనం ఫోటోలు. అది సర్దుకునేసరికి 8 నుంచి థాయిలాండ్, కంబోడియా బార్డర్‌లో కాల్పులు. మళ్ళీ మ్యాప్ తీశా, బార్డర్ తూర్పున, ఆ పక్కనే కో చాంగ్ ఉంది, క్రాబీ చాలా దూరం. బాబాయి మళ్ళీ గ్రూపులో ఫార్వర్డ్ పెట్టాడు, ఈసారి నేను జవాబివ్వలేదు.

ప్రయాణానికి పది రోజుల ముందు నుంచి వెదర్ యాప్ చూడటం మొదలైంది, ఇది ఒక జబ్బు. ఫోన్‌లో ఉండే మామూలు యాప్ క్రాబీకి వరసగా ప్రతి రోజూ మబ్బు, మెరుపు బొమ్మ, 60 శాతం అని చూపిస్తుంది. మా ఆవిడ అది చూసి రెయిన్‌కోట్లు కొనేసింది. ఆ 60 శాతం అంటే రోజులో అరవై పాళ్ళు వాన అని కాదు, ఆ చుట్టుపక్కల ఏదో ఒక టైమ్‌లో ఒక జల్లు పడే అవకాశం, అంతే, ఉష్ణమండలంలో ఏ రోజు చూసినా దాదాపు అలాగే ఉంటుంది. నేను విండీ అనే యాప్‌లో గాలి దిశ, అల ఎత్తు చూడటం అలవాటు చేసుకున్నా. ఈశాన్యం నుంచి గాలి నిలకడగా వీస్తూ, అండమాన్ వైపు అలలు మీటరు లోపు ఉంటే బోట్లు తిరుగుతాయి. అదే రోజు గల్ఫ్ వైపు రెండు మీటర్లు పైన ఎర్రగా కనపడేది. థాయ్ వాతావరణ శాఖ సైట్‌లో ఇంగ్లీష్ పేజీ ఉంది, తూర్పు తీరం, పడమటి తీరం అని విడివిడిగా రోజూ రాస్తారు, నాకు అన్నిట్లోకి అదే బాగా పనికొచ్చింది.

17న థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ నింపా. మేం వెళ్ళినప్పుడు ఇండియన్లకి వీసా అక్కర్లేదు గానీ 2025 మే నుంచి ఈ కార్డు తప్పనిసరి, దిగే తేదీకి మూడు రోజుల లోపే నింపాలి, ఇంకా ముందు నింపుదాం అంటే తీసుకోదు. పూర్తిగా ఉచితం. కానీ వెతికితే పైన వచ్చే సైట్లు అచ్చం గవర్నమెంట్ సైట్‌లాగే ఉండి చివర్లో డాలర్లు అడుగుతాయి, డబ్బు అడిగిందంటే అది అసలుది కాదు, మూసేయండి. పిల్లలకి కూడా విడిగా కావాలి, ఒకే దాంట్లో అందరినీ యాడ్ చేసుకోవచ్చు. క్యూఆర్ వచ్చింది, ప్రింట్ కూడా తీసుకున్నా.

అమ్మ సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి దిగింది, దిగగానే క్యాలెండర్ తీసి "19 అమావాస్య రా. అమావాస్య నాడు ప్రయాణం ఎట్టా పెట్టినావు" అంది. ఫ్లైట్ అర్ధరాత్రి దాటాక కదమ్మా, 20 కిందికి వస్తుంది అంటే, పంచాంగం ప్రకారం అమావాస్య 20 పొద్దున ఏడు దాటేదాకా ఉందిట. తుఫాన్లు, బార్డర్ గొడవ, ఫ్లైట్ల రద్దు అన్నీ దాటొచ్చి ఇక్కడ ఆగిపోతామా అనిపించింది. చివరికి 18 సాయంత్రమే ఒక బ్యాగు పక్కింటి వాళ్ళ ఇంట్లో పెట్టించి, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క అని తనే పరిష్కారం చెప్పింది.

అమావాస్య సంగతి నవ్వుకుంటూ మర్చిపోయా గానీ అక్కడికెళ్ళాక అదే అసలు విషయం అయింది. 20 మధ్యాహ్నం క్రాబీలో దిగాం, ఎయిర్‌పోర్ట్ నుంచి అవ్‌నాంగ్‌కి షేర్ వ్యాన్ మనిషికి 150 భాట్. భాట్ మేం వెళ్ళినప్పుడు మూడు రూపాయలకి దగ్గర్లో ఉంది, పాత వీడియోల్లో రెండున్నర లెక్క చెప్తారు, నమ్మకండి. సాయంత్రం ఐదింటికి బీచ్‌కి నడుస్తుంటే కొండల వెనక నల్లగా కమ్మింది. నా గుండె జారిపోయింది, మూడు నెలలు లెక్కలు వేసి ఇదా అని. దంచి కొట్టింది, సరిగ్గా ఒక కాఫీ తాగి లేచేంతసేపు. తర్వాత ఆకాశం కడిగినట్టు తేలింది. వారం మొత్తంలో వాన అదొక్కటే.

సముద్రం మాత్రం లేదు. అంటే ఉంది, చాలా దూరంలో. నెల్లూరు వైపు ఆటుపోట్ల తేడా పెద్దగా తెలీదు, ఇక్కడ అమావాస్యకి, పౌర్ణమికి నీళ్ళు రెండు మీటర్లకి పైన ఎక్కి దిగుతాయి. సాయంత్రం నీళ్ళు వెనక్కి పోయి బురద, రాళ్ళు తేలాయి, పడవలు దూరంగా పక్కకి ఒరిగి ఉన్నాయి. వాతావరణం గురించి ఇన్ని చదివా గానీ ఏ బ్లాగులోనూ పోటు పట్టిక చూసుకోమని ఎవరూ రాయలేదు. నా అభిప్రాయం, పడమటి తీరానికి డిసెంబర్‌లో వెళ్ళేవాళ్ళకి వాన యాప్ కన్నా పోటు పట్టిక ఎక్కువ అవసరం. క్రాబీకి ఫలానా రోజు నీళ్ళు ఎన్నింటికి ఎక్కుతాయి, ఎన్నింటికి దిగుతాయి అని ఉచితంగా దొరుకుతుంది.

మరుసటి రోజు బీచ్ దగ్గర లాంగ్‌టెయిల్ బోట్ అతన్ని అడిగితే, ఫోర్ ఐలాండ్స్ పొద్దున టూర్‌కి పోతే థలే వేక్ ఇసుక దారి నీళ్ళ కిందే ఉంటుంది, ఈ రెండు మూడు రోజులు మధ్యాహ్నం తర్వాతే తేలుతుంది అన్నాడు. మూడు దీవుల మధ్య నీళ్ళు దిగినప్పుడు మాత్రమే బయటపడే ఇసుక దారి అది. హోటల్ డెస్క్ వాళ్ళు మాత్రం పొద్దున గ్రూప్ టూరే అమ్మడానికి చూశారు. మేం 22న బోట్ మొత్తం మాట్లాడుకున్నాం, 2,800 భాట్, పన్నెండింటికి బయల్దేరి చీకటి పడకముందే వచ్చేలా. నేషనల్ పార్క్ ఫీజు విడిగా, అప్పుడు విదేశీ పెద్దలకి 400, పిల్లలకి 200. మూడున్నరకి మా కళ్ళ ముందే ఇసుక మెల్లగా తేలింది, పాప ఒక దీవి నుంచి ఇంకో దీవికి చీలమండ లోతు నీళ్ళలో పరిగెత్తింది. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి సగం దాకా నడిచి, నిలబడి, "ఇదేందిరా, సముద్రం దారిచ్చింది" అని ఒకటే నవ్వు. శ్రీలంక బాధ, 26 వేలు, అన్నీ ఆ గంటసేపు గుర్తు రాలేదు.

రైలే బీచ్‌కి పోయినప్పుడు అదే పోటు ఇంకో రకంగా తగిలింది. రైలేకి రోడ్డు లేదు, అవ్‌నాంగ్ నుంచి బోటే, మనిషికి 100 భాట్, సరిపడా జనం పోగయ్యాక కదులుతుంది. పొద్దున నీళ్ళు నిండుగా ఉన్నాయి, నిచ్చెన వేసి నేరుగా ఇసుక మీదికి దింపారు. సాయంత్రం వచ్చేటప్పుడు బోటు దగ్గరికి రాలేక చాలా దూరంలో ఆగింది, మోకాళ్ళ లోతులో రాళ్ళ మీద నడిచి పోవాలి. అమ్మకి ఒక పక్క నేను, ఇంకో పక్క ఎవరో జర్మన్ కుర్రాడు. రబ్బరు అడుగున్న చెప్పులు, ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ సంచి లేకుండా వెళ్ళకండి. పెద్దవాళ్ళతో ఉంటే మూడింటికల్లా తిరిగి వచ్చేయండి.

వాన భయంతో ఎండ సంగతి అందరం మర్చిపోయాం. 32 డిగ్రీలే కదా, మన మే నెలతో పోలిస్తే లెక్కేంటి అనుకున్నాం, నీళ్ళ మీద రెండు గంటలకే మా ఆవిడ భుజాలు, నా మెడ కమిలిపోయాయి. రెయిన్‌కోట్లు మడత విప్పకుండానే తిరిగొచ్చాయి, సన్‌స్క్రీన్ అక్కడ కొంటే ఇక్కడికి రెట్టింపు.

డబ్బు విషయంలో మాకు తెలియని దెబ్బ 24 రాత్రి. చాలా హోటళ్ళలో క్రిస్మస్ ముందు రాత్రికి, 31 రాత్రికి గాలా డిన్నర్ తప్పనిసరి, తిన్నా తినకపోయినా కట్టాలి. మా హోటల్లో మనిషికి 2,500 భాట్, పిల్లలకి సగం, బుకింగ్ పేజీలో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అమ్మ శాకాహారి, బఫేలో ఆవిడ తిన్నది పుచ్చకాయ, అన్నం, సంచిలోంచి తీసిన గోంగూర పచ్చడి. ఆ పళ్ళెం దాదాపు ఏడు వేల రూపాయలు పడిందని అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. 24, 31 రాత్రులకి అలాంటి డిన్నర్ లేని చిన్న గెస్ట్‌హౌస్‌కి మారిపోతే సరిపోతుంది, అవ్‌నాంగ్‌లో అలాంటివి బోలెడు, ఇండియన్ హోటళ్ళు కూడా వరసగా ఉన్నాయి. ఏటీఎంలో మన కార్డు పెడితే ప్రతిసారీ రెండొందల భాట్ పైన ఫీజు తీసుకుంటుంది, అందుకని ఒకేసారి ఎక్కువ తీసుకోండి.

26న వ్యాన్‌లో ఫుకెట్ ఎయిర్‌పోర్ట్‌కి మూడు గంటలు, అక్కడి నుంచి హైదరాబాద్. కొలంబో టికెట్ల రిఫండ్ జనవరి 5న పడింది, క్యాన్సిల్ చేశాక నెల దాటింది, మధ్యలో రెండుసార్లు మెయిల్ పెడితే గానీ కదల్లేదు. పోయిన 26 వేలతో కలిపి నలుగురికీ మొత్తం మూడు లక్షల ఇరవై వేల దాకా అయింది, అందులో దాదాపు సగం ఫ్లైట్లకే.

సంక్రాంతి సెలవులకి వెళ్దామా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. జనవరి మధ్య నుంచి సమూయి వైపు కూడా వానలు తగ్గుతాయి, ఫిబ్రవరికి బాగా తేరుకుంటుంది, కానీ జనవరి మొదటి సగంలో గాలి, అలలు ఇంకా ఉండొచ్చు కాబట్టి అప్పటికి పడమటి వైపే నయం. న్యూ ఇయర్ దాటాక రూముల రేట్లు కూడా కాస్త దిగుతాయి. తేదీ ఫిక్స్ చేసుకునేటప్పుడు అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో ఒకసారి చూసుకోండి. ఇసుక దారి చూడాలంటే ఆ చుట్టుపక్కల రోజులు, అవ్‌నాంగ్ బీచ్‌లో తీరిగ్గా ఈత కొట్టాలంటే మధ్యలో అష్టమి దగ్గర రోజులు.